మలుపులో బండి ఏం చేస్తుంది?

బిట్రగుంట, రైల్వే కాలనీ
జూన్ 9

చెల్లీ నవోమీ,

ఈ ఉత్తరం మీ వదిన కంట పడకుండా దాచు. నీ హాస్టలు రోజుల నుంచీ డ్యూటీల మధ్య మేం నడుం వాల్చే రన్నింగ్ రూములో కూర్చుని నీకు రాస్తూనే ఉన్నాను గానీ, ఇలా దొంగచాటుగా రాయడం ఇదే మొదలు. ఫోన్లో చెబుదామంటే మీ వదినవి పాము చెవులు.

డిసెంబరు ఆఖరుతో నా సర్వీసు అయిపోతుంది. గూడ్సు ఇంజను దిగి ఇంటికి పోవడమే. నాకంటే ముందు దిగిన కామాక్షయ్య ఇప్పుడు రోజూ పొద్దున్నే స్టేషనుకొచ్చి, బెంచీ మీద కూర్చుని పోయే బండ్లకి చెయ్యి ఊపుతున్నాడు. మొన్న నా బండికీ ఊపాడు. ఎంత గొప్ప డ్రైవరు! ఆ చెయ్యి చూసి నాకు నిజంగా భయం వేసింది. నా చేతులకి ఆ గతి పట్టకూడదు. అందుకని కారు కొంటున్నాను.

మామూలు కారు కాదు. చూడ్డానికి చిన్నది, వెనక తలుపు అద్దంతో సహా పైకి లేచే రకం. దానికే టర్బో ఇంజను బిగించి, గట్టి స్ప్రింగులు, వెడల్పు టైర్లు వేసి కోపం తెప్పిస్తే దాన్ని హాట్ హ్యాచ్‌బ్యాక్ అంటారట. నెల్లూరులో అలాంటివి రెండున్నాయి, ఒకటి ఎర్రది, ఒకటి తెల్లది. షోరూములు కూడా ఎదురెదురుగా ఉండి ఒకదాన్నొకటి గుడ్లురిమి చూసుకుంటున్నాయి. నేను చూసిన వీడియోలకి లెక్కే లేదు. ఒకడు ఎర్రదే బండి అంటాడు, ఇంకొకడు దాన్ని నడిపితే నడుం పోతుందంటాడు. ఎవణ్ణీ నమ్మబుద్ధి కావడం లేదు.

నువ్వు రొయ్యల గుంటల నీళ్లు పరీక్ష చేయడానికి రోజూ కట్టల మీద కారు నడుపుతావు. నాకు డ్యూటీలతో తీరిక లేదు. రెండిటినీ నడిపి చూసి నాకు రాయి. తలుపు వేస్తే ఏం చప్పుడొస్తుంది? పెట్టిన డబ్బుకి ఏది న్యాయం చేస్తుంది? అన్నిటికంటే ముఖ్యంగా, మలుపులో బండి ఏం చేస్తుంది? చెయ్యి తిప్పగానే తిరుగుతుందా, కాస్త ఆలోచించుకుని తిరుగుతుందా? తిప్పిన స్టీరింగు దానంతటదే వెనక్కి వస్తుందా, మనమే తేవాలా? వివరంగా రాయి. నీ ల్యాబు రిపోర్టు లాగా రెండు ముక్కల్లో తేల్చేస్తే ఊరుకోను.

మీ అన్న,
లాజరస్

* * *

తోటపల్లి గూడూరు
జూన్ 25

అన్నయ్యా,

అరవై దగ్గర పడుతుంటే నీకు కోపమున్న కారు కావాలా? ఇంట్లో వదిన ఉంది చాలదా? సరే, నవ్వడం ఆపి రాస్తున్నాను.

ఎర్రదాన్ని నడిపాను. షోరూములో ప్రసాద్ అని అమ్మకాలు చూసే అతను, ఉక్కపోతలో కూడా టై విప్పని మనిషి, పక్క సీట్లో కూర్చోబోయాడు. నేను వెనక సీటు చూపించి, మా ల్యాబులో వాడే స్టీలు బేసిన్ని సగం నీళ్లతో నింపి ఒళ్లో పెట్టాను. ఎందుకు మేడం అన్నాడు. రొయ్య పిల్లల్ని హేచరీ నుంచి గుంటకి తెచ్చేటప్పుడు నీళ్లు కుదిపితే అవి డీలా పడతాయి, కాబట్టి ఏ బండి గుణమైనా మాకు నీళ్లే చెప్పాలని చెప్పాను. "నేను చానా మందికి బండి చూపించినాను గానీ మేడం, ఇట్టాంటి పరీక్ష యాడా చూళ్లేదు" అన్నాడు, బేసిన్ని మాత్రం పసిబిడ్డలా పట్టుకున్నాడు.

దీనికి నేను డ్రిల్లు మాస్టారు అని పేరు పెట్టాను. స్టీరింగు బరువు. సీటు రెండు పక్కలా పట్టుకుని నిటారుగా కూర్చోబెడుతుంది. రోడ్డు మీద చిన్న రాయున్నా నీ వెన్నుకి చెప్పి మరీ దాటుతుంది. గతుకు వచ్చిన ప్రతిసారీ ప్రసాద్ టై తడిసింది. కానీ మలుపుల్లో ఒక్క చుక్క తొణకలేదు. ఎటు తిప్పితే అటు, అప్పటికప్పుడే. బండి ఒరగదు. ముందు చక్రాలు ఎక్కడున్నాయో అరచేతికి తెలుస్తూనే ఉంటుంది.

తలుపు చప్పుడు మన చర్చి పాత తలుపు మూసినట్టు నిండుగా ఉంది. లోపల ప్లాస్టిక్కు మాత్రం గట్టిది, గోకితే గీత పడేలా ఉంది. వెనక ఇద్దరు సుఖంగా కూర్చోవచ్చు, మూడో మనిషి బతిమాలుకోవాలి.

నాకొక సందేహం. ఇన్నేళ్లుగా ఇంజను నడిపే మనిషివి, స్టీరింగు దానంతటదే వెనక్కి వస్తుందా అని అడుగుతావేం? ఒక ఆదివారం నువ్వే వచ్చి నడిపి చూసుకోరాదా?

నీ చెల్లెలు,
నవోమి

* * *

గూడూరు జంక్షన్, రన్నింగ్ రూము
జూలై 8

నవోమీ,

బేసిను సంగతి చదివి ఇక్కడ మా వాళ్లందరికీ వినిపించాను. ఒక గార్డుగారు నవ్వి నవ్వి టీ ఒలకబోసుకున్నారు. తెల్లదానికీ అదే పరీక్ష పెట్టు, ప్రసాద్ టై ఆరాక.

మలుపులో నీళ్లు తొణకలేదన్నావు చూడు, ఆ మాట నన్ను నిద్రపోనివ్వడం లేదు. మాకు మలుపు దగ్గర బయటి పట్టాని కాస్త ఎత్తులో వేస్తారు, బండి లోపలికి వాలి వెళ్లిపోతుంది. పని అంతా పట్టాలదే. నేను చేసేది వేగం చూసుకోవడం, అంతే. మరి రోడ్డు చదునుగా ఉన్నప్పుడు ఆ పని ఎవరు చేస్తారు? టైర్లా? స్ప్రింగులా? నీ చేతులా? ఒకవేళ చేతులే అయితే, ఎంత తిప్పాలో వాటికి ముందే ఎలా తెలుస్తుంది? మలుపు చూసి తిప్పుతావా, మలుపులోకి వెళ్లాక తిప్పుతావా?

ఇంజను చూడ్డానికి వచ్చే పిల్లలు మొదట అడిగేది ఒకటే, "స్టీరింగు ఏదీ?" అని. లేదు నాయనా అంటే వాళ్ల ముఖాలు వాడిపోతాయి. ముప్పై ఆరేళ్లలో ఎన్ని వేల టన్నుల బొగ్గు లాగానో నాకే తెలియదు గానీ, ఒక్కసారి కూడా బండిని నా అంతట నేను పక్కకి తిప్పలేదు. స్టేషను వాళ్లు పట్టాలు కలిపే పాయింట్లు ఎటు వేస్తే అటే పోయాను. ఇది విచారంతో రాస్తున్నది కాదు. ఉన్న మాట.

నేను రావడం గురించి అడిగావు. ఈ నెల డ్యూటీలు మరీ ఎక్కువగా ఉన్నాయి.

లాజరస్

* * *

తోటపల్లి గూడూరు
ఆగస్టు 2

అన్నయ్యా,

తెల్లదాని పేరు పెళ్లికొడుకు. ఎక్కగానే ఎందుకో నీకే తెలుస్తుంది. మెత్తటి సీట్లు, కుట్టు పూలు, ముందు పెద్ద తెర, పైకప్పులో ఆకాశం కనిపించే కిటికీ. స్టీరింగు ఒక్క వేలితో తిరుగుతుంది. ఈసారి ప్రసాద్ కాదు, ఎదుటి షోరూము అతను. బేసిను సంగతి ముందే తెలిసి రైన్‌కోటు తొడుక్కుని వచ్చాడు. ప్రసాద్ అంతా చెప్పేశాడట. పోటీ షోరూముల వాళ్లు కదా, మధ్యాహ్నం ఒకే చోట భోంచేస్తారట.

చెంచయ్య గారి రొయ్యల గుంట కట్ట మీదికే తీసుకుపోయాను. గతుకుల్లో నీళ్లు కదల్లేదు, రొయ్య పిల్లలుంటే నిద్రపోయేవి. కానీ కట్ట మూల దగ్గర కొంచెం వేగంగా తిప్పాను చూడు, బండి బయటి పక్కకి ఒరిగి, నీళ్లన్నీ రైన్‌కోటు మీద పడ్డాయి. పైగా తిప్పినప్పుడు చేతికి ఏమీ తెలియలేదు. టైరు పట్టుకుందో జారుతోందో ఎవరో తర్వాత వచ్చి చెబుతారన్నట్టుంది. నేరుగా పోయే రోడ్డులో మాత్రం ఇంజను తేనె. హైవే ఎక్కితే నాయుడుపేట దాకా ఆపకుండా పోవాలనిపిస్తుంది.

ఇక తయారీ గట్టిదనం సంగతి. నేను రెండిట్లోనూ డిక్కీ కార్పెట్ ఎత్తి, రేకుల అతుకుల మీద బొటనవేలితో రాసుకుంటూ పోయాను. ఉప్పునీటి సీసాలు ఒలికి నా పాత కారు అడుగు ఎలా తుప్పు పట్టిందో నువ్వు చూశావు కదా. డ్రిల్లు మాస్టారికి అతుకుల వెంట రబ్బరు పూత ఎక్కడా తెగలేదు. పెళ్లికొడుక్కి కనిపించే చోట నగలు, కనిపించని చోట రెండు మూడు ఖాళీలు. తలుపు తేలికగా మూసుకుంటుంది, చప్పుడు మాత్రం అగ్గిపెట్టెది. కానీ తక్కువ ధరకి ఎక్కువ సామాను ఇస్తున్నాడు, డిక్కీ పెద్దది, వదిన నడుముకి అదే మంచిది. విలువ అంటే ఇచ్చిన వస్తువులు లెక్క పెట్టుకోవడమా, పదేళ్ల తర్వాత మిగిలేది చూసుకోవడమా అన్నది నువ్వే తేల్చుకో.

నీ ప్రశ్నకి జవాబు: మలుపు చూసే తిప్పుతాను. నా కళ్లు ముందు పోతాయి, చేతులు వాటి వెనక పోతాయి. ఇంతకుమించి నాకు తెలియదు. ఎవరూ ఇంతవరకు నన్నిది అడగలేదు.

ఇప్పుడు నేనొకటి అడుగుతాను, కోప్పడకు. అన్నయ్యా, నీకు కారు నడపడం వచ్చా?

నవోమి

* * *

బిట్రగుంట
ఆగస్టు 30

అమ్మాయి నవోమీ,

మీ వదిన రెబెక్కమ్మ దీవెనలు. మీ అన్న జవాబు రాయలేదని నువ్వు ఎదురుచూస్తా ఉంటావని నేను రాస్తున్నా. నాకు రాత అలవాటు లేదు, మాట్లాడినట్టే రాస్తా.

కారు సంగతి నాకు జూన్ నుంచీ తెలుసు. ఆ మనిషి దాచేదెంత, నాకు తెలీందెంత. ఆయనకి కారు నడపడం రాదు. ఇంట్లో ఎప్పుడూ కారు లేదు, పోవాలంటే రైలు, లేకుంటే సైకిలు. ఈ నెల మొదట్లో కావలి నుంచి డ్రైవింగు స్కూలు బండి పిలిపించుకుని, నాకు మందుల షాపుకి పోతున్నానని చెప్పి, పాత షెడ్డు వెనక రోడ్డులో నేర్చుకున్నాడు. బండి కదిలించడం, ఆపడం ఒక్క పూటలో వచ్చేసిందంట. నేర్పే ఆయనే మెచ్చుకున్నాడంట. ఆడ ఒక మలుపుంది చూడు, సీమతుమ్మ కంప ఉండే కాడ. ఆ మలుపు ఇంకా అంత దూరాన ఉండంగానే మీ అన్న మెల్లంగా బ్రేకు ఏసినాడు. పొడుగ్గా హారను కొట్టినాడు. అన్నీ సరిగ్గా చేసి, నేరుగా కంపలోకి పోయినాడు. స్టీరింగు పట్టుకునే ఉన్నాడంట, తిప్పలేదు. రోడ్డే తిప్పుతుందనుకున్నాడు పాపం.

దెబ్బలేం తగల్లేదు, చేతుల మీద ముళ్ల గీతలు. ఆ నేర్పే ఆయన నవ్వి "సార్, ఈడ పట్టాలు లేవు సార్" అన్నాడంట. ఆ మాటతో మీ అన్న బండి దిగి నడిచి వచ్చేసినాడు. మళ్లీ ఎక్కలేదు. వీడియోలు చూడ్డం మానేసినాడు. అడిగితే కారెందుకు, ఈ వయసులో అంటాడు.

నిన్న సెలవు. పొద్దున కాఫీ తాగి బయటికి పోయినాడు. నేను కూరగాయలకి పోతా చూసినా. స్టేషన్లో బెంచీ మీద కామాక్షయ్యన్న పక్కన కూర్చోనున్నాడు. నవోమీ, నాకు కారు మీద మోజు లేదమ్మా. ఆ మనిషిని ఆ బెంచీ మీద చూసి కూరగాయలు కొనకుండానే ఇంటికొచ్చేసినా. అంత కోపం వచ్చింది. ఆయన పోయే బండ్లకి చెయ్యి ఊపలేదు, అదొక్కటే తక్కువ.

మధ్యాహ్నం కునుకు తీస్తా కూడా "డిస్టంటు, డబుల్ ఎల్లో" అని పైకే అంటాడు. డ్యూటీలో అట్ట ఇంజన్లో ఉండే ఇద్దరూ సిగ్నలు పైకి చెప్పుకోవాలంట, ఒకరు చెప్తే పక్కనున్నోళ్లు మళ్లీ చెప్పాల, దాన్నే సిగ్నలు పిలవడం అంటారంట. నేను వంటింట్లోంచి "డబుల్ ఎల్లో" అనకపోతే ఊరుకోడు, మళ్లీ అంటాడు. అట్టాంటి మనిషి జనవరి నుంచి ఏం చూసి ఏం చెప్తాడో.

నేను రాసినట్టు చెప్పొద్దు.

మీ వదిన

* * *

తోటపల్లి గూడూరు
సెప్టెంబరు 4

అన్నయ్యా,

జవాబు రాయకపోయినా నేను రాస్తూనే ఉంటానని నీకు తెలుసు. కిందటి ఉత్తరంలో ఏదో వాగాను, వదిలేయ్.

చెంచయ్య గారు రొయ్య పట్టేశారు. గుంటలో నీళ్లు తీసేసి రెండు వారాలుగా ఎండబెడుతున్నారు. అడుగు బీటలు వారి చపాతీ పెనం లాగా అయింది. వానలు మొదలయ్యేదాకా అందులో ఎవరికీ పనిలేదు. నాలుగు వైపులా కట్ట, మధ్యలో చెట్టు లేదు, గేదె లేదు, మనిషి లేడు. నా పాత కారు అందులో దింపడానికి ట్రాక్టరు దారి కూడా ఉంది.

నాకొక సాయం కావాలి. రెండు కార్లూ నేనొక్కదాన్నే చూసి చెప్పడం న్యాయంగా లేదు. మలుపులో పక్క సీటుకి ఏం తెలుస్తుందో కూడా చూడాలి. ఆదివారం ఆరాధన అయ్యాక వదినని తీసుకుని వచ్చేయ్. చేపల పులుసు నాది.

వచ్చేటప్పుడు నీ డ్యూటీ అలవాట్లు అన్నీ తెచ్చుకో, ఏదీ ఇంట్లో పెట్టి రాకు.

నవోమి

* * *

బిట్రగుంట
సెప్టెంబరు 17

చెల్లీ,

మీ వదిన నీకు రాసిందని నాకు గుంటలోకి దిగకముందే తెలుసు. ప్రతి ఉత్తరంలోనూ నీ ప్రశ్న ఏదో ఒకటి ఉంటుంది. ఆ ఉత్తరంలో ఒక్కటి కూడా అడగలేదు. అక్కడే దొరికిపోయావు.

నన్ను స్టీరింగు ముందు కూర్చోబెట్టి, నువ్వు పక్క సీట్లో కూర్చుని, "నేను మీ అసిస్టెంటు లోకో పైలట్‌ని సార్, కట్ట మూల వస్తోంది, ఏముందో పిలవండి" అన్నప్పుడు నాకు ముందు ఒళ్లు మండింది. ఎగతాళి అనుకున్నాను. కట్ట దగ్గరికొచ్చేస్తోంది, చేతులు మళ్లీ కట్టెల్లాగా బిగుసుకున్నాయి. అప్పుడు నోరే ముందు కదిలింది. "ఎడమ మలుపు" అన్నాను. "ఎడమ మలుపు" అని నువ్వు గట్టిగా అన్నావు. నా కళ్లు ఎడమకి పోయాయి, కళ్ల వెనకే చేతులు పోయాయి. నువ్వు ఆగస్టులో రాసిందదేనని అప్పుడు అర్థమైంది.

ఎన్ని చుట్లు కొట్టానో నేను లెక్కపెట్టలేదు. మీ వదిన కట్ట మీద గొడుగేసుకుని కూర్చుని పులుసు చల్లారిపోతోందని అరుస్తూనే ఉంది. నీ పాత కారు తుప్పు డబ్బా, అడుగున ఏవో రాలిన చప్పుడు కూడా వినిపించింది, క్షమించు. కానీ నవోమీ, నేను ఎడమ అంటే బండి ఎడమకి పోయింది. కుడి అంటే కుడికి పోయింది. ఎవరూ పాయింట్లు వేయలేదు. చిన్నపిల్లాడిలా ఏడుపొచ్చింది, చెమట తుడుచుకున్నట్టు తుడుచుకున్నాను. నువ్వు చూశావని కూడా తెలుసు.

ఇప్పుడు అసలు సంగతి. ఎర్రదా, తెల్లదా? నా లెక్క ఇది: పెళ్లికొడుకు పట్టాల మీద పోయే బండి లాంటిది. కూర్చుంటే సుఖం, చేతికి ఏమీ తెలియదు. నాకు అది ఇప్పటికే చాలినంత అయింది. కానీ మీ వదిన నడుము ఉంది కదా. అందుకని నిర్ణయం ఆవిడకే వదిలేశాను. వచ్చే వారం రెండిట్లోనూ కూర్చోబెడతాను. బేసిను పంపించు.

లాజరస్

* * *

కోడూరు బీచి, ఇసుక పక్కన, కారులో
జనవరి 11

నవోమీ,

ముందు పాత బాకీలు తీర్చేస్తాను. మీ వదిన బేసిను ఒళ్లో పెట్టుకోనంది. రెండు కార్లలోనూ కళ్లు మూసుకుని కూర్చుంది. తెల్లదాంట్లోంచి దిగి "ఒళ్లు హాయిగానే ఉంది గానీ, ఎప్పుడు ఎటు తిరుగుతాదో తెలీక కడుపులో తిప్పింది" అంది. ఎర్రదాంట్లోంచి దిగి నడుం పట్టుకుని, "ఇదే తీసుకో. ఇది ఏం చేయబోతాదో ముందే చెప్పి చేస్తా ఉంది, నీకంటే నయం" అంది. నెల్లూరులో ఒక దూది పరుపు ముక్క కొనుక్కుని సీట్లో వేసుకుంది. ఇంత సులువుగా తేలిపోయే విషయానికి నేను అన్ని వీడియోలు చూశాను.

లైసెన్సు పరీక్షలో ఎనిమిది అంకె ఆకారంలో తిప్పమన్నారు. నేను ప్రతి వంకకీ "కుడి, ఎడమ" అని పైకి పిలిచాను. ఆ అధికారి ముందు నవ్వారు, తర్వాత ఆయన కూడా నాతో పాటు అనడం మొదలుపెట్టారు. డిసెంబరు ఆఖరి రోజున ఇంజను దిగాను. అందరూ దండలు వేశారు. మర్నాడు కొత్త సంవత్సరం ఆరాధన అయ్యాక పాస్టరుగారు డ్రిల్లు మాస్టారి బానెట్టు మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేశారు. ఎంతసేపు చేశారంటే మధ్యలో నేను ఒక కన్ను తెరిచి టైర్లలో గాలి చూసుకున్నాను.

ఈ రోజు పొద్దున్నే బిట్రగుంటలో బయలుదేరాం. నేను, పక్కన మీ వదిన. స్టేషను ముందు ఆపి, బెంచీ మీద ఉన్న కామాక్షయ్యని లేపి వెనక సీట్లో ఎక్కించుకున్నాం. రాననలేదు. ఎదురొచ్చిన ప్రతి లారీకీ చెయ్యి ఊపాడు. కొంతమంది తిరిగి ఊపారు కూడా. హైవే దిగి మీ మండలంలోకి వచ్చాక అన్నీ గుంటలూ మలుపులే కదా. నేను పిలుస్తూ ఉన్నాను, మీ వదిన మళ్లీ చెబుతూ ఉంది. ఒక చోట కాలవ పక్కన నీళ్లు మెరుస్తుంటే చూస్తూ మలుపు పిలవడం మరిచిపోయాను. "కుడి!" అని మీ వదినే ముందు అరిచింది. చేతులు తిరిగిపోయాయి. ఆ తర్వాతి మలుపు కూడా ఆవిడే పిలిచింది, నేను మళ్లీ చెప్పాను.

ఇన్నేళ్లలో నీ దగ్గరికి వచ్చినప్పుడల్లా నెల్లూరు దాకా రైలు, అక్కడి నుంచి బస్సు. సముద్రం ఇంత దగ్గరని తెలిసీ ఎప్పుడూ ఇటు రాలేదు. పట్టాలు ఇటు రావు కదా. అందుకే ముందు ఇక్కడికి తిప్పాను. మీ వదిన, కామాక్షయ్య వలల దగ్గర చేపలు బేరమాడుతున్నారు. బేరం తెగేలోపు ఇది రాసేస్తున్నాను.

కవరు మీద స్టాంపు లేదని చూసి ఆశ్చర్యపోకు. దీన్ని పోస్టులో వేయడం లేదు, నేనే తెస్తున్నాను. నువ్వు ఇది చదివేసరికి నీ ఎదురుగానే కూర్చుని ఉంటాను. మలుపులో బండి ఏం చేస్తుందని ఇప్పుడు నన్ను అడుగు, నేను చెబుతాను.

మీ అన్న,
లాజరస్